సవరణ: డీఫ్రాస్టర్ వేసినప్పుడు ఏసీ ఆపకండి

కారు ముందు అద్దానికి పట్టిన ఆవిరి డీఫ్రాస్టర్‌తో (అద్దం మీదికి గాలి కొట్టే సెట్టింగ్) తొందరగా పోవాలంటే ఏసీ ఆపేసి హీటర్ ఒక్కటే పెట్టమని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఆ మాట నమ్మి మసక అద్దంతో బండి నడిపినవాళ్లుంటే క్షమించండి. ఏసీ వేసే ఉంచాలి. దాని చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారిపోతుంది, ఆ పొడిగాలే తర్వాత వేడెక్కి అద్దానికి తగులుతుంది. రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పడం) మాత్రం ఆపాలి, లేదంటే మన ఊపిరిలోని తేమే కారులో తిరుగుతుంది. బయట సున్నా డిగ్రీల దగ్గర ఉంటే చాలా కార్లలో ఏసీని నడిపే కంప్రెసర్ దానంతటదే ఆగుతుంది, అప్పుడు బయటి గాలి, వేడే దిక్కు.

గాలి వేడిగా రాకపోతే హీటర్ కోర్ (వేడి కూలెంట్‌తో గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) మార్చాల్సిందేనని కూడా తేల్చేశాను. అది తొందరపాటు. ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. ఎంతసేపు నడిపినా ఇంజన్ వేడెక్కకపోతే థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపుచేసే వాల్వ్) తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి. వేడి ఉండి గాలి జోరు లేకపోతే క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) తీసి చూడండి. నా కారులోది తీస్తే ఎండుటాకులు, దుమ్ము కలిసి అట్టకట్టి ఉంది.

తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపలివైపు వేలితో రాస్తే జిడ్డు అంటితే అప్పుడు హీటర్ కోర్ కారుతోందేమోనని అనుమానించాలి. అది కూలెంట్ ఆవిరి, పీల్చడం మంచిది కాదు.