కొలోమాలో బంగారం పడింది

గోల్డెన్ గేట్ వంతెన చూసి అమ్మ, "ఇందులో బంగారం ఏదిరా? ఎర్ర రంగు కొట్టారు" అంది. ఆ మాట పట్టుకుని మొన్న శనివారం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి అసలు బంగారం దొరికిన చోటికే బయల్దేరదీశాను.

ప్లాసర్‌విల్ దగ్గర 49 నంబరు రోడ్డెక్కాం. 1849లో బంగారం కోసం ఎగబడి వచ్చినవాళ్ల గుర్తుగా పెట్టిన నంబరది. సియెర్రా నెవాడా కొండల్లో ఒకటే మలుపులు. చుట్టూ అందాలు చూడమంటే అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, వికారానికి తెచ్చుకున్న నిమ్మకాయ చెంపకి ఆనించుకుని పడుకుంది. ప్లాసర్‌విల్‌ని ఒకప్పుడు ఉరితీతలకి పేరుపడి హ్యాంగ్‌టౌన్ అనేవాళ్లని చెప్తే మాత్రం లేచి, కొంగు మెడ చుట్టూ కప్పుకుంది.

కొలోమా చేరాం. 1848 జనవరి 24న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కి బంగారం కనబడింది ఇక్కడే. అది అసలుదో కాదో తేల్చడానికి వంటచేసే జెన్నీ విమ్మర్ దాన్ని సబ్బు కాచే క్షారంలో వేసి ఉడికించిందట.

"మనం కుంకుడు రసంలో వెయ్యమూ? ఆవిడకి తెలుసు, పాపం" అంది అమ్మ. మార్షల్ 1885లో పేదవాడిగానే పోయాడంటే, "ఆవిణ్ణి అడిగి ఉండాల్సింది" అంది.

అక్కడి అమెరికన్ నది మీది వంతెన దాటి అవతలి ఒడ్డుకెళితే ఎవరైనా పళ్లెంతో ఇసుక కడుక్కోవచ్చు. తేలికైన ఇసుక నీళ్లతో పోతుంది, బరువైన బంగారం అడుగున ఆగుతుంది. నేనింకా వివరిస్తూనే ఉన్నాను, "బియ్యం గాలించడమేగా!" అని అమ్మ పళ్లెం లాక్కుంది. యాభై ఏళ్ల అనుభవం. నాలుగు తిప్పులు తిప్పిందో లేదో, అడుగున తళుక్కుమంది.

"గోల్డ్!" అని అరిచాను.

అరవకుండా ఉండాల్సింది. ఒడ్డునున్న పది మందీ పళ్లేలతో పరుగెత్తుకొచ్చారు. ఒక గడ్డం పెద్దాయన జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఏవండీ, దీనికి మర ఉందేంటి?" అంది మా ఆవిడ.

అమ్మ చెయ్యి ఎడమ చెవికి వెళ్లింది. శీల పళ్లెంలో ఉంది. దుద్దు లేదు.

గంటసేపు అందరూ కలిసి అమెరికన్ నదిని గాలించారు. చీకటి పడుతుంటే గడ్డం ఆయన, "మీరు వెళ్లండి, మేం చూస్తాం" అని మోకాళ్లలోతు నీళ్లలోకి దిగాడు.

మళ్లీ మలుపులు మొదలయ్యాయి. అమ్మ సీటు తడిమి నిమ్మకాయ అందుకుంది. కాసేపు చప్పుడు లేదు.

"ఏరా, కారు వెనక్కి తిప్పు."

అద్దంలో చూశాను. నిమ్మకాయకి దుద్దు గుచ్చుకుని ఉంది.

"పాపం వాళ్లింకా నీళ్లలోనే ఉంటార్రా."