కొత్త రైతుకి కావాల్సింది క్లాసా, కాగితమా?

(సుధ విశాఖ మధురవాడలో ఐటీ ఉద్యోగం చేస్తూనే పద్మనాభం దగ్గర ఎకరం కౌలుకి తీసుకుంది. ఎంవీపీ కాలనీలో ఉండే మావయ్య వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. కొత్తగా సాగులోకి వచ్చేవాళ్ల శిక్షణకి పెట్టే డబ్బులో సగం కౌలుకీ, మొదటి పెట్టుబడికీ ఇవ్వాలని సుధ ఒక అర్జీ రాసింది. గొడవ దాని మీదే.)

మావయ్య: శిక్షణలో సగం కోసెయ్యమని రాశావేంటమ్మా? దగ్గరుండి చెప్పేవాడు లేకపోతే నీలాంటివాళ్లు మొదటి పంటకే చేతులు కాల్చుకుంటారు. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. అక్కడ నేర్పేది మాలాంటి ఆఫీసర్లు కాదు, సాగు చేసే రైతులే.

సుధ: నేర్పడం బాగానే నేర్పారు, కాదనను. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి మా చేతే కర్రతో తిప్పించారు. జీవామృతం అనే ఆ ఎరువు పొయ్యడానికి పొలం ఎలా సంపాదించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మావయ్య: బెల్లం ఏది వేశారు? తెల్లదా, నల్లదా?

సుధ: నల్లదే. తెల్లదాంట్లో రంగు తేలడానికి కలిపే హైడ్రోస్ మందు ఉంటుందిగా.

మావయ్య: అన్నింట్లో ఉంటుందని ఎవరు చెప్పారు? అసలు అనకాపల్లి మార్కెట్లో రంగు తేలకపోతే రేటు రాదు, మందు కలిపేది అందుకే. రైతుని తిట్టే ముందు కొనేవాణ్ణి తిట్టు.

సుధ: నేనెవర్నీ తిట్టలేదు, మీరే బెల్లంలోకి దిగారు!

మావయ్య: సర్లే. అమెరికాలో సాగు మొదలెట్టి పదేళ్లు దాటనివాళ్లని కొత్త రైతులంటారు. వాళ్ల శిక్షణకి 2008 ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టంతో నిధులు మొదలయ్యాయి. ఆ డబ్బు రైతు చేతికివ్వరు, నేర్పే సంస్థలకిస్తారు.

సుధ: సగమే చెప్పారు. కొత్తవాళ్లు భూమి కొనుక్కోడానికి అక్కడ వ్యవసాయ శాఖే విడిగా అప్పులిస్తుంది. ఇక్కడో? పీఎం కిసాన్‌కి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్నారు, ఆ తర్వాత కొన్నవాడికి లేదు, వారసత్వంగా వస్తే తప్ప. అంటే రైతు కడుపున పుడితేనే రైతు. పోనీ కౌలు చేద్దామంటే మన రాష్ట్రం 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డుకి ఓనరు సంతకం కావాలి, కార్డు ఉండేది పదకొండు నెలలే. మా ఓనరు పెన్ను చూస్తేనే ఫోనొచ్చిందని లేచిపోతాడు, రేపు భూమి నాదంటానని ఆయన భయం. కార్డు లేకపోతే పంట రుణం దొరకడం కష్టం, సంతకం పెట్టించుకుని వెళ్లినా ఈ సర్వే నంబరు మీద ఓనరు ముందే లోను తీసుకున్నాడంటారు బ్యాంకులో. ఇంక నా దగ్గర ఎన్ని సర్టిఫికెట్లుంటే ఏం లాభం, గోడకి తగిలించుకోడానికా?

మావయ్య: డబ్బు ముందిస్తే ఏమవుతుందో సర్వీసులో చూశాను. సబ్సిడీ ఉందని పాలీహౌస్‌లు వేశారు, పంట సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. గాలికి ప్లాస్టిక్ చిరిగిపోయింది, ఇనుప గొట్టాలు మిగిలాయి, బ్యాంకు నోటీసులొచ్చాయి. ఇంకో మాట, నీకు కోపమొచ్చినా సరే. నీ పక్క చేలో ఏళ్ల తరబడి కౌలు చేస్తున్నవాడికే కార్డు లేదు. నెలనెలా జీతమొచ్చే నీకు ముందెందుకివ్వాలి?

సుధ: ...ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ముందు అతనికే ఇవ్వండి. కానీ అతనికి అడ్డం పడిందీ నాకు అడ్డం పడిందీ ఆ ఓనరు సంతకమేగా. ఎన్ని క్లాసులు పెడితే అది వస్తుంది?

మావయ్య: అయితే అర్జీలో నీకంటే ముందు అతని పేరు పెట్టు. సోమవారం కలెక్టరేట్‌కి నేనూ వస్తాను. శిక్షణలో సగం అన్న లైను మాత్రం కొట్టెయ్.

సుధ: పేరు పెడతాను. లైను కొట్టెయ్యను.

మావయ్య: పోనీ పావు అని రాయి.