మూడో కంటికి తెలియని రహస్యం

శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలిలో ఒక సదస్సు ఫ్లెక్సీ వెలసింది. క్వాంటం భౌతికశాస్త్రం పుణ్యమా అని ఇకపై మన రహస్యాలు మూడో కంటికి తెలియవట. ఇన్నాళ్లూ మన జిల్లాకు ఉన్న లోటు అదే కదా! కేంద్రం 2023లో క్వాంటం మిషన్‌కు ఆరు వేల కోట్లకు పైగా మంజూరు చేసింది మరి.

విద్య గొప్పదే, కాదనను. బెన్నెట్, బ్రసార్ అనే శాస్త్రజ్ఞులు 1984లో దీన్ని బెంగళూరు సదస్సులోనే వెల్లడించారు. రహస్యపు తాళంచెవిని, అంటే సందేశానికి తాళం వేసే అంకెల వరసను, ఒక్కొక్క కాంతికణం మీదా ఎక్కించి పంపుతారు. దారిలో ఎవడైనా తొంగిచూస్తే కొన్ని కణాలు చెదిరి వాడిని పట్టిస్తాయి. ఆ తాళంచెవిని పారేసి మరొకటి పంపుకోవడమే.

ఇక ఆమదాలవలస బస్సు. ఒక పెద్దమనిషి ఫోనులో ‘బ్యాంకు సారు’కి ఓటీపీ చదువుతున్నారు. "నాలుగు... ఏడు..." వెనక సీటాయన మెడ సాచి, "ఏడు కాదు మాస్టారూ, ఒకటి. కళ్లజోడు పెట్టుకోండి" అన్నాడు. చేపల బుట్ట ఆవిడ, "ఆరుండాలి కదా బాబూ, అయిదే చెప్పారు" అంది. సారుకి సరిగా వినపడటం లేదని కండక్టరు బస్సంతటినీ గద్దించి నోరు మూయించాడు. అందరూ విన్నారు, ఒక్క అంకె చెదరలేదు. దోష సవరణకు శాస్త్రజ్ఞులు గణితాన్ని ఆశ్రయిస్తారు, మాకు తోటి ప్రయాణికులు చాలు.

చైనా 2017లో బీజింగ్ నుంచి షాంఘైకి 2,000 కిలోమీటర్ల క్వాంటం మార్గం వేసింది. మధ్యలో 32 మజిలీలు. తాళంచెవి ప్రతిచోటా బయటపడుతుంది కనుక అక్కడున్నవాడిని నమ్మి తీరాలి.

మా పల్లెలోనూ అలాంటి నమ్మకస్తుడొకడున్నాడు, వేలిముద్ర మిషనుతో. చెన్నైలో కొడుకు ఇటుకలు మోసి పంపిన డబ్బు కోసం ముసలమ్మ వస్తుంది. నాట్లు వేసి అరిగిన వేలు. "పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అంటాడు. మొదటిసారే పడింది! రెండోసారి పడిన డబ్బు వాడి జేబులోకి. చీటీ అడిగితే కాగితం అయిపోయిందంటాడు. ఏ కణం చెదిరిందయ్యా అప్పుడు? ఎవడిని పట్టించింది? పైవాళ్ల దగ్గరికి వెళితే ఫోనుకు మెసేజ్ రాలేదా అని ఆమెనే నిలదీస్తారు. ఖాతాకు ఎక్కించిన నంబరు వాడిది, సిగ్గులేని వెధవది! అర్జీ రాసుకురమ్మంటారు. ఆమెకు సంతకం రాదు. దాని మీదా వేలిముద్రే వేయాలి.