ఆ రోడ్డు మీద ఎవరూ హారన్ కొట్టలేదు!

పిల్లల బొమ్మల పుస్తకాల మీద ఇంతవరకు ఎవరూ విచారణ కమిటీ వేయకపోవడం వల్లే వ్యవహారం ఇంత దూరం వచ్చింది. ఈమధ్య నా చేతికి చిక్కిన డైనోసార్ల పుస్తకం సంగతే చూడండి. అట్ట మీద టైరనోసారస్ గొడుగు పట్టుకుని ఇకిలిస్తూ ఉంటుంది. లోపల అది ఒక పాపతో కలిసి బడికి వెళ్తుంది. డిప్లోడోకస్ రోడ్డు దాటుతుంది. స్టెగోసారస్ లైబ్రరీలో బుద్ధిగా కూర్చుంటుంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒక్క తగాదా లేదు.

సైన్సు తప్పుల్ని నేను పెద్దమనసుతో వదిలేశాను. స్టెగోసారస్ దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటిది. టైరనోసారస్ అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. ఆ రెండింటికీ మధ్య సుమారు 8 కోట్ల ఏళ్ల ఎడం. లెక్క ప్రకారం టైరనోసారస్‌కి స్టెగోసారస్ కన్నా మనమే దగ్గరవాళ్లం. కాబట్టి అది మన సోఫాలో కూర్చుంటే తప్పులేదు, స్టెగోసారస్ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగడమే కాస్త అతి. డైనోసార్ కాని టెరోసార్ అనే ఎగిరే సరీసృపాన్ని కూడా ఆ గ్రూప్ ఫొటోలో ఇరికించారు. పోనీలెండి, దూరపు చుట్టమే.

గొడుగు దగ్గర మాత్రం సర్దుకోలేకపోయాను. టైరనోసారస్ చెయ్యి సాగదీస్తే మీటరు. తలకాయ ఒక్కటే మీటరున్నర దాకా ఉంటుంది. ఆ చేత్తో పట్టిన గొడుగు గడ్డం కిందికి వస్తుందే తప్ప నెత్తి మీదికి రాదు.

ఇవన్నీ చిల్లర తగువులు. నా అసలు అభ్యంతరం ఆ పుస్తకంలోని మనుషుల మీద.

రోడ్డు దాటే పేజీ తీయండి. డిప్లోడోకస్ అంటే సుమారు 25 మీటర్ల జీవి. ముక్కు అవతలి ఫుట్‌పాత్ చేరినా తోక ఇవతలి సందులోనే ఉంటుంది. సిగ్నల్ ఎన్నిసార్లు పచ్చగా మారినా అది రోడ్డు మధ్యలోనే. ఇంతసేపూ బస్సులు, కార్లు, స్కూటర్లు గీత వెనకే నిలబడి ఉన్నాయి! ఒక్కడు హారన్ కొట్టలేదు. దాని కాళ్ల సందుల్లోంచి ఒక్క బైకు కూడా దూరిపోలేదు. పైగా డ్రైవర్లంతా కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. 8 టన్నుల మాంసాహారి టైరనోసారస్ ఆకులు నమిలిందంటే నమ్ముతాను, ప్రాణమన్నాక మారొచ్చు. ఈ ట్రాఫిక్‌ని మాత్రం చంటిపిల్లాడు కూడా నమ్మడు.

బడి పేజీ మరీ ఘోరం. టైరనోసారస్ నేరుగా వెళ్లి బెంచీ మీద కూర్చుంది. పుట్టినతేదీ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. అడిగితే ఏమయ్యేదో నేను చెప్తాను. వయసు గడిలో రెండంకెలకు మించి పట్టవు. కంప్యూటర్ ఒప్పుకోదు. ఎదుటి కుర్చీలో ఆయన కళ్లజోడు సర్దుకుని, "రికార్డుల్లో మీరు అంతరించిపోయినట్టుందండీ. అంతరించలేదని కాగితం పట్టుకురండి, చూద్దాం" అంటాడు. కాగితం తెచ్చేసరికి భోజన విరామం. ఈసారి అంతరించడానికి గ్రహశకలంతో పనిలేదు.

ఈ పుస్తకం దాచిపెట్టిన రహస్యం ఇంకొకటుంది. డైనోసార్లన్నీ పోలేదు. పక్షులు వాటి వంశంలోవే. 1996లో చైనాలో బయటపడ్డ సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ శిలాజం మీద ఈకల్లాంటి నూగు కూడా కనిపించింది. అంటే నేటి లోకంలో స్నేహశీలి డైనోసార్లు తిరిగితే మనం ఎలా చూసుకుంటామన్నది ఊహించుకోవాల్సిన పనే లేదు. ఒక పావురం వచ్చి ఏసీ డబ్బా మీద రెండు పుల్లలు పేర్చుకుంటే మరుసటి వారానికల్లా బాల్కనీకి నెట్ బిగించేస్తాం. కాకి వాలితే హుష్ అంటాం. కోడితో మన స్నేహం గురించి పిల్లల ముందు మాట్లాడకపోవడమే మంచిది.

అందుకే ప్రచురణకర్తలకు నాదొక విన్నపం. రెండో ముద్రణలో మరొక్క పేజీ చేర్చండి. పాప వాళ్ల నాన్న నెట్ బిగించేవాడికి ఫోన్ చేస్తున్నట్టు బొమ్మ వేయండి. కింద కొలతలు కూడా రాయండి, పావురాల సైజు డిప్లోడోకస్‌కి ఆగదు.