సవరణ: శ్రమకాలం 40 రోజులా, 46 రోజులా?

శ్రమకాలం (లెంట్) అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలం, అది భస్మ బుధవారంతో మొదలవుతుంది. విశాఖలో క్రైస్తవులందరూ భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా 40 రోజులు ఉపవాసం ఉంటారని మొన్నటి పోస్టులో రాశాను. వేళ్ల మీద లెక్కపెట్టి, 46 వస్తున్నాయేమిటని చాలామంది అడిగారు. రెండు లెక్కలూ సరైనవే. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. భస్మ బుధవారంతో కలిపి ఈస్టర్ ముందు రోజు దాకా 46 రోజులు, వాటిలో ఆరు ఆదివారాలు. ఆదివారం ప్రభువు పునరుత్థాన దినం కాబట్టి లెంట్‌లోనైనా దాన్ని ఉపవాసంలో కలపరు. ఆరు తీసేస్తే 40.

“విశాఖలో క్రైస్తవులందరూ” అన్న మాట మాత్రం తీసేశాను. రాస్ హిల్ మరియమాత గుడికి వెళ్లే కాథలిక్కులు భస్మ బుధవారం నాడు నుదుట విబూది పెట్టించుకుంటారు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాలు కూడా లెంట్ పాటిస్తాయి. పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల్లో చాలావాటికి భస్మ బుధవారమే లేదు. అలాగని వాళ్లకి ఉపవాసం లేదనుకోకండి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలకి వెళ్లి చూడండి!

కాథలిక్కుల్లోనూ 40 రోజులూ పస్తులుండాలన్న నియమం లేదు. 18 నుంచి 59 ఏళ్లవారికి తప్పనిసరి ఉపవాసం భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే మాత్రమే, అదీ ఒక పూట కడుపునిండా తినొచ్చు. షుగర్ మందులు వేసుకునే పెద్దవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, జబ్బుగా ఉన్నవారికి మినహాయింపు ఉంది.

ఇంకొకటి. ఆ విబూది కోసం నిరుటి మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) గుడిలో ఇచ్చిన ఆకులనే కాలుస్తారు. క్యాలెండర్ వెనక దోపిన ఎండు మట్ట సిలువలు పారేయకుండా గుడిలో ఇవ్వండి.