ఊరికే టీకి పిలవడం కూడా తప్పేనా?

ఇప్పుడే గిన్నెలు సింకులో పడేసి వచ్చి టైప్ చేస్తున్నా, గోళ్ళలో ఇంకా శనగపిండి ఉంది, తప్పులుంటే సర్దుకోండి.

నిజాంపేటలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి నాలుగేళ్లు. లిఫ్ట్‌లో ఎదురుపడితే అందరం ఫోన్లే చూసుకుంటాం. సరే ఓ ఆదివారం మా ఫ్లోర్ వాళ్ళనీ పై ఫ్లోర్ వాళ్ళనీ పిలుద్దాం, టీ, మిర్చి బజ్జీలు, ఉస్మానియా బిస్కెట్లు, అంతే అనుకున్నా. ప్రతి గుమ్మంలో ఒకటే ప్రశ్న, "ఏంటండీ విశేషం?" ఏం లేదండీ ఊరికే అంటే నమ్మరే! ఒకావిడ నా పొట్ట వంక చూసింది. ఒకాయన తలుపు సగమే తీసి "ఏవైనా ప్రోడక్ట్స్ అమ్ముతున్నారా?" అన్నాడు.

మా అమ్మకి ఈ బాధ లేదు. శ్రావణ శుక్రవారం పేరంటం అంటే వీధి వీధంతా వచ్చేది, కాళ్ళకి పసుపు, నానబెట్టిన శనగలు, తాంబూలం, అద్దెకి దిగి వారం కానావిడ కూడా పావుగంటలో కలిసిపోయేది. (విధవల్ని మాత్రం పిలిచేవాళ్ళు కాదు, దాని మీద ఇంకో పోస్ట్ రాస్తా, ఆ మంట వేరు.)

సరే వచ్చారు. మగాళ్ళంతా సోఫాల్లో గజం రేటు, ఆడాళ్ళంతా వంటింట్లో. కొత్తగా దిగిన అమ్మాయిది తెనాలి, ఎదురింటి ఆంటీదీ తెనాలే, అబ్బ భలే కుదిరిందని నేనే పక్కపక్కన కూర్చోబెట్టా. ఆంటీ రెండో మాట, "ఇంటిపేరేంటమ్మా?" చెప్పింది. పాపం దాంతో తేలలేదు. "అంటే... మీరూ..." అని సాగదీసింది. ఆ పిల్ల కొరికిన బజ్జీ ప్లేట్లో పెట్టేసి, పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది. ఈ ఘనకార్యం చేసింది నేను!

ఇంత ఆరా తీసే మనిషికి, సంక్రాంతికి నేను అరిసెలు పెట్టిచ్చిన స్టీల్ డబ్బా మాత్రం గుర్తుండదు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు, చిటికెడు పంచదారైనా వేసివ్వాలంటారు కదా, ఈవిడకి వేయడానికేం దొరకలేదేమో, అసలు ఇవ్వడమే మానేసింది. మా అమ్మ పేరు కొట్టించిన డబ్బా అది!

ఇవాళ గుమ్మం దాటుతూ "మీ అంకుల్ రాలేదుగా, నాలుగు బజ్జీలు పెట్టివ్వమ్మా" అంది.

ఇంకో డబ్బాలో పెట్టిచ్చా.