మాత్ర పేరు చివరి 'హెచ్' గారికి

హైడ్రోక్లోరోథయాజైడ్ గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామంటే మా పెదనాయన షుగర్ రిపోర్టు అడ్డొస్తోంది.

బీపీ మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఆయనకు షుగర్ పెరిగింది. ఇంట్లో విచారణ చిటికెలో ముగిసింది. ముద్దాయి శ్రీవారి లడ్డూ. కొండ దిగి ఎవరొచ్చినా ఇంత నోట్లో వేసుకుంటాడు కదా, వేరే సాక్ష్యమెందుకు! పెద్దమ్మ డబ్బా తీసి అటకెక్కించింది. లడ్డూ నిర్దోషి అని నేనూ అనను. కానీ మీరు అదే మాత్రలోని మరో బీపీ మందు టెల్మిసార్టాన్ వెనకాల 'హెచ్' అనే ఒంటి అక్షరమై నక్కి, నోరు మెదపలేదు చూడండి, అదీ నా బాధ.

మీ పని మాకు తెలుసు. ఒంట్లోని ఉప్పూ నీళ్లూ మూత్రంలోకి తోడేస్తారు, బీపీ దిగుతుంది. వాటి వెంట పొటాషియం కూడా పోతుంది. అది తగ్గితే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ వదలడానికి బద్ధకిస్తాయి, షుగర్ ఎక్కుతుంది.

మీ దాయాది డయాజాక్సైడ్ ఇంకా ఘనుడు. బీపీ తగ్గిస్తానని వచ్చి ఇన్సులిన్‌కు ఏకంగా తాళం వేశాడు. ఇప్పుడు క్లోమంలో గడ్డతో షుగర్ పడిపోయే కుక్కలకు వాడుతున్నారు. మా ఊళ్లో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది, కావాలంటే వెళ్లి కనుక్కోండి. మీ ఇంట్లో తప్పుకు కూడా ఉద్యోగం దొరుకుతుంది!

ఇక ప్రయోగశాల ఎలుకలు. మేతలో సగానికి పైగా ఫ్రక్టోజ్ అనే చక్కెర కలిపి కొన్ని వారాలు పెడితే వాటి ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, బీపీ, ఇన్సులిన్ రెండూ పెరుగుతాయి. తోకకు బుల్లి పట్టీ చుట్టి బీపీ చూస్తారు, పాపం. అలాంటి ఎలుకలకు టెల్మిసార్టాన్ ఇస్తే ఒళ్లు మళ్లీ ఇన్సులిన్ మాట వింటుంది. అంటే ఒకే మాత్రలో ఆయన కడుగుతుంటే మీరు బురద పూస్తున్నారన్నమాట.

తిట్టి పారేద్దామంటే అదీ కుదరదు. బీపీ మందులను పోల్చి చూసి 2002లో వెలువడిన ఆల్‌హాట్ అధ్యయనంలో మీ వర్గానికే చెందిన క్లోర్‌థాలిడోన్ వాడినవాళ్లలో నాలుగేళ్లకు 11.6 శాతం మందికి కొత్తగా షుగర్ తేలింది, లిసినోప్రిల్ అనే వేరే రకం బీపీ మందు వాడినవాళ్లలో 8.1. అయినా గుండెపోట్ల లెక్కలో మీవాడు వెనకబడలేదు. అందుకే డాక్టరును అడక్కుండా మిమ్మల్ని మానిపించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

12.5 మిల్లీగ్రాములే కదా అని ఇక వదిలేయం. ఈసారి రక్తపరీక్షలో షుగర్ పక్కన పొటాషియం కూడా రాయించుకుంటాం. ఫీజు ఎలాగూ మాదే.

ఇట్లు,
మాత్రలు కొనుక్కొచ్చే అబ్బాయి,
బైరాగిపట్టెడ